గట్టు అవతలి జనుము

చినమామగారు చేతిలోని మొక్కల కట్టను వరండా మెట్టు మీద పడేశాడు. కోడలు వేసిన కుర్చీ వైపు చూడనైనా చూడలేదు.

"అన్నయ్యేడి?"

కోడలు లోపలి వైపు చూసింది.

అన్నదమ్ములు వేరుపడ్డాక ఆయన ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. రెండు పొలాల మధ్య ఒక గట్టు, రెండిళ్ల మధ్య నాలుగు గడపలు. అయినా దారిలో ఎదురుపడితే ఒకరు చెప్పు సరిచేసుకోవడానికి వంగేవారు, ఇంకొకరు మబ్బుల కేసి చూసేవారు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ కోడలు చూస్తున్నది ఇదే.

ఆమె వంగి మొక్కలను చూసింది. జనుము. నడుమెత్తు పెరిగి, అప్పుడే మొగ్గ తొడుగుతున్న జనుము. ఆకులు ఉడకబెట్టినట్టు వాలిపోయాయి. అంచులు మాడి ముడుచుకున్నాయి. తెగులైతే ఇలా ఒక్కసారిగా రాదు. ఇది కలుపు మందు పని.

"మొన్న తెల్లవారుతూనే మీ పిన్ని చూసిందిరా," అన్నాడు చినమామగారు, లోపలి నుంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వస్తున్న అన్న కొడుకుతో. "మందు డబ్బా వీపుకు తగిలించుకుని మీ నాన్న గట్టు మీద నడుస్తున్నాడట. తన పొలంలో కొట్టుకుంటున్నాడులే అనుకుంది. ఇవాళ వెళ్లి చూస్తే నా చేను సగం ఇలా ఉంది."

"నాన్న అలా ఎందుకు చేస్తాడు బాబాయ్? గాలికి తుంపర అటు కొట్టిందేమో."

"గాలి సాలు పట్టి నడవదు. ఈ చివర మొదలెట్టి ఆ చివరి దాకా వరస తప్పకుండా కొట్టాడు. అంత శుభ్రంగా మందు కొట్టే చెయ్యి ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఆ చెయ్యి నాకు తెలియదా?"

ఆ మాటలో కోపం ఎంతో, మెచ్చుకోలూ అంతే ఉంది. అది తనకే వినిపించినట్టుంది, ఆయన గొంతు పెంచాడు.

"మూడేళ్లు. చుక్క మందు పడనీయకుండా మూడేళ్లు కాపాడాను ఆ నేలని. కలుపు చేత్తో పీకాం. రెండు పంటల మధ్య జనుము చల్లి, దాని నీడలో కలుపును అణిచాం. ఇంకో వారంలో పచ్చిగా ఉండగానే దున్ని మట్టిలో కలిపేస్తే, కుళ్లాక నారు వేసుకునేవాణ్ని. మందు లేని పొలమని రాసిచ్చేవాళ్లు రేపొస్తున్నారు. వాళ్లకేం చూపించను? ఇదా?"

ఊళ్లో అందరూ ఆయన్ని 'మందు ముట్టనాయన' అనేవారు. ఆయన శనివారం సాయంత్రాలు ఎలా గడుపుతాడో తెలిసినవాళ్లు ఆ పేరు అనేటప్పుడు కొంచెం నవ్వేవారు. ఇవాళ ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పుడు అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. కొంగు భుజం చుట్టూ బిగించి కప్పుకుంది.

"కొట్టింది ఆయనే," అంది. "నీ మీద కసితోనే కొట్టాడు."

కోడలి భర్త, తల్లి వైపు తిరిగి నోరు తెరిచాడు, మూశాడు.

చినమామగారు చాలాసేపు వదిన మొహంలోకే చూశాడు.

"కసా?"

"నువ్వు బాగుపడుతున్నావని. చూడలేకపోయాడు."

"నీ నోటితో ఈ మాట వింటాననుకోలేదు వదినా." ఆయన గొంతు దిగిపోయింది. "నన్ను తిట్టాడు, పడ్డాను. ఇంట్లోంచి పొమ్మన్నాడు, పోయాను. కానీ పచ్చని చేను మీద కసి తీర్చుకునే మనిషని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు." మెట్లు దిగి, మళ్లీ ఆగాడు. "సాయంత్రంలోగా తనే వచ్చి ఆ మాట నా మొహం మీద చెప్పమను. రాకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను. ఇంటి పరువని ఆగను."

గేటు చప్పుడైంది. మాడిన జనుము మెట్టు మీదే ఉండిపోయింది.

*

"ఎందుకలా చెప్పావమ్మా?"

వంటింట్లో స్టవ్ మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. అత్తగారు మంట తగ్గించింది.

"నాన్న కసితో చేశాడా? నిజం చెప్పు. వేరుపడ్డాక బాబాయ్ పేరైనా ఎత్తలేదు నాన్న. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు కసేమిటి?"

"అయిందేదో అయింది. నాలుగు రోజులు తిట్టుకుంటారు, ఊరుకుంటారు."

"బాబాయ్ కేసు పెడితే?"

"పెట్టనీ."

కోడలు గిన్నె దించుతూ నెమ్మదిగా అంది. "చెప్పేద్దాం అత్తయ్యా."

అత్తగారు చటుక్కున తలెత్తింది. ఆ చూపు కోడలికి కొత్త కాదు. కొన్ని నెలలుగా ఆ చూపుతోనే అత్తగారు ఆమె నోరు మూయిస్తోంది. మామగారు చొక్కా తిరగేసి తొడుక్కున్న రోజున ఆ చూపే. ఎప్పుడో ఆగిపోయిన బస్సు కోసం మధ్యాహ్నమంతా రోడ్డు మీద నిలబడి వచ్చిన రోజునా ఆ చూపే. "అమ్మాయ్, నువ్వు ఎవరి తాలూకు?" అని మామగారు తననే అడిగిన రోజున మాత్రం అత్తగారు చూడలేకపోయింది. గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఏం చెప్పాలి?" అన్నాడు కొడుకు. ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. "ఏం చెప్పాలి? నాకు తెలియనిది ఇద్దరికీ తెలుసా?"

"మామయ్యకు... గుర్తుండటం లేదండీ. పేర్లు, రోజులు, దారులు. మొదట్లో అప్పుడప్పుడూ ఉండేది. ఇప్పుడు రోజూ."

"వయసైతే అందరికీ..."

"మీరు ట్రాక్టర్ తాళాలు ఎందుకు తీసేసుకున్నారు మరి?"

గీత గీసినట్టు సాలు తోలే తండ్రి కిందటి పంటకు పాములా మెలికలు తోలాడు. చూపు మందగించిందని అతను తాళాలు తీసుకుని, కళ్లజోడు కొనిచ్చి, తన బాధ్యత తీరిందనుకున్నాడు.

"ఈ ఇంట్లో నేనొక్కణ్నే పరాయివాణ్నన్నమాట," అన్నాడు చివరికి.

"నీకు చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావు. డాక్టరు ఒక పేరు పెడతాడు. ఆ పేరు ఊరంతా తిరుగుతుంది," అంది తల్లి. "మా నాన్న ఇలాగే అయ్యాడు. వీధిలో పిల్లలు వెంటపడి, 'తాతా, ఇవాళేం వారం' అని అడిగేవాళ్లు. ఆయన ఆలోచించి ఆలోచించి ఒక వారం చెప్పేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వుతున్నారని ఆయనా నవ్వేవాడు." ఆమె స్టవ్ ఆపేసింది. "మీ నాన్నని చెడ్డవాడనుకోనీ. పగబట్టాడని అనుకోనీ. పగ ఉన్నవాణ్ని చూసి జనం పక్కకు తప్పుకుంటారు. మతి లేనివాణ్ని చూసి నవ్వుతారు."

"బాబాయ్ నవ్వుతాడా?"

"జాలిపడతాడు. అది ఇంకా కష్టం ఆయనకి."

"నాన్నకి కష్టమా, నీకా?"

పాలు ఎవరూ చూడకుండానే తొరక కట్టాయి. అత్తగారు ఆ గిన్నె మీద మూత పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది.

"అంత మాట అనకుండా ఉండాల్సింది," అంది కోడలు.

"నువ్వు మాట్లాడకు," అన్నాడతను. తర్వాత ఇంకో గొంతుతో అడిగాడు. "నిన్ను గుర్తుపట్టలేదా?"

ఆమె తల ఊపింది.

*

మామగారు కొట్టంలో ఉన్నాడు. స్ప్రేయర్ నాజిల్ ఊడదీసి, పాత టూత్ బ్రష్‌తో దాన్ని తోముతున్నాడు. మందు కొట్టాక డబ్బాను ముమ్మారు కడగనిదే ఆయన అన్నానికి కూర్చోడు. మొన్నటి డబ్బాను ఇవాళ కూడా కడుగుతున్నాడు. నిన్న కూడా కడిగాడు.

కొడుకు ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. మెట్టు మీది కట్టలోంచి లాగిన ఒక మొక్క చేతిలో ఉంది.

"మొన్న ఎక్కడ కొట్టావు నాన్నా మందు?"

"మన చేలోనే. తమ్ముడి వైపు." ఆయన తల ఎత్తలేదు. "వాడికి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. నాటు వేసే ముందు నేల శుభ్రంగా ఉండాలిరా అంటే వినడు. పిచ్చిమొక్కలు నడుమెత్తు పెరిగాయి. వాడికి నడుం నొప్పి కదా, వంగి పీకలేడు. నేనే పోయి కొట్టొచ్చాను."

"అక్కడ జనుము వేశారేమో."

"జనుమైతే నేనెందుకు కొడతాను?" మామగారు నవ్వాడు. అచ్చం పాతరోజుల నవ్వే. "జనుము చంపుకునేది కాదు, నేలకు పెట్టుకునేది. దగ్గర దగ్గరగా చల్లితే కలుపుకు ఎండ తగలనివ్వదు. మొగ్గ మీద ఉండగా దున్నెయ్యాలి. గింజ కట్టిందా, కాడ నారయిపోతుంది, కుళ్లదు. పైగా ఆ గింజ రాలి మళ్లీ అదే కలుపవుతుంది. ఇవన్నీ నీకు నేర్పాను కదరా."

"నేర్పావు."

ఒక్క మాట తప్పు లేదు. కొడుకు గుండెల్లో ఎక్కడో ఆశ కదిలింది. ఆడవాళ్లు భయపడి గోరంతలు కొండంతలు చేశారేమోననుకున్నాడు. చేతిలోని మొక్కను ముందుకు చాచాడు. మొదలు దగ్గర ఇంకా పచ్చదనం ఉంది. కొసన ఒక మొగ్గ మాడకుండా మిగిలి, పసుపు రంగు విచ్చుకుంటోంది.

"ఇదేంటి నాన్నా?"

మామగారు చేతులు తుడుచుకుని మొక్కను అందుకున్నాడు. ఆకు మడిచి చూశాడు. కాడను గోటితో గీరాడు. వాసన చూశాడు. కళ్లజోడు సరిచేసుకుని, వెలుతురు వైపు తిరిగి మళ్లీ చూశాడు.

"కలుపు," అన్నాడు.

కొడుకు మొహం తిప్పుకోవాలనుకున్నాడు కానీ ఆలస్యమైంది. తండ్రి అతని మొహాన్ని చూశాడు. ఆ మొహంలో ఏం కనబడిందో, చేతిలోని మొక్క వైపు మళ్లీ చూశాడు.

"కాదా?" అన్నాడు చిన్నగా.

ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి, బడిలో తప్పు చెప్పిన పిల్లాడిలా అడిగాడు.

"కలుపే నాన్నా," అన్నాడు కొడుకు.

*

ఎండ వాలుతుండగా కొట్టంలో స్ప్రేయర్ కనబడలేదు. మామగారూ లేడు.

ముందు చూసింది కోడలే. ఒక్క కేక వేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పొలం దారి పట్టింది. వెనకాల భర్త, అతని వెనక అత్తగారు. దుక్కి చేసిన తమ చేలో గడ్డలు పాదాల కింద పగులుతున్నాయి. గట్టు అవతల జనుము సగం పచ్చగా, సగం గోధుమరంగుగా, కత్తిరించి అతికించినట్టుంది.

ఆ రెండు రంగులు కలిసేచోట మామగారు నిలబడి ఉన్నాడు. డబ్బా వీపు మీద ఉంది. మిగిలిన సగం పూర్తి చేయడానికే వచ్చాడు.

చినమామగారు అవతలి నుంచి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. చేతిలో కర్ర ఉంది. ఎంత వేగంగా నడిచినా ఆయన కంటే ముందు చేరలేనని కోడలికి తెలిసిపోయింది.

"ఇంకా చాల్లేదా నీకు?" అని అరిచాడు చినమామగారు. "నిలువునా ముంచావు, ఇంకా..."

మామగారు తిరిగి చూశాడు. ఆయన మొహం విప్పారింది.

"వచ్చావా? ఎంతసేపటి నుంచి చూస్తున్నానురా నీ కోసం. నీళ్లేవీ?"

చినమామగారి కర్ర గాలిలోనే ఆగింది.

"నీళ్లు తెస్తానని ఎటుపోయావు? డబ్బా ఖాళీగా ఉంది. నేనొక్కణ్నే ఎంతని చేయను? పోనీలే, నీ నడుం ఎలా ఉంది? బరువులు మొయ్యకు. బిందె సగమే నింపుకురా."

డబ్బా ఖాళీది. మందు లేదు, నీళ్లూ లేవు. ఊరికే మీట కొడుతూ నిలబడ్డాడు ఆయన. కోడలు గట్టు దగ్గరే ఆగిపోయింది. ఆమె భుజం మీద అత్తగారి చెయ్యి పడింది.

చినమామగారు అన్న మొహంలోకి చూశాడు. తర్వాత వదిన వైపు చూశాడు. పొద్దున ఆమె అన్న మాటలోని అబద్ధం ఇప్పుడు అర్థమైనట్టు నెమ్మదిగా తల ఊపాడు.

"ఎప్పటి నుంచి వదినా?"

ఆయన కర్ర కింద పడేసి అన్న దగ్గరికి వెళ్లాడు. "ఇలా ఇవ్వన్నయ్యా. బరువు," అంటూ భుజాల మీంచి పట్టీలు తప్పించాడు. మామగారు పసిపిల్లాడిలా చేతులు వదిలేసి తీయనిచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన నడుచుకుంటూ గట్టు దాకా వచ్చారు. మామగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. ఆయన ఊ కొడుతున్నాడు. ఆ ఇద్దరినీ అలా చూడటం కోడలికి ఇదే మొదటిసారి. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గట్టు ఎక్కబోతూ మామగారు ఆగాడు. కాలితో దాన్ని తట్టాడు. అటు చివరికీ ఇటు చివరికీ చూశాడు.

"మన చేలో ఈ గట్టు ఎవరు వేశారు?"

చినమామగారు వదిన వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరు వేశారురా?"

వేసింది ఆయనే. తల్లి మంచాన పడి ఉన్న రోజుల్లో, ఎవరి మాటా వినకుండా, కూలీలను కూడా పిలవకుండా ఒక్కడే పార పట్టుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పోసిన గట్టు అది. ఇంట్లో ఆ కథ తెలియనివాళ్లు లేరు.

చినమామగారు అన్న కళ్లలోకి చూశాడు.

"నేనే అన్నయ్యా. నేనే వేశాను."

ఆ మాట తేలిగ్గా పోతుందనుకున్నాడు కాబోలు. మామగారి చెయ్యి ఆయన భుజం మీంచి జారింది.

"నువ్వా?"

"ఏదో... అప్పుడు కోపంలో..."

"అమ్మ మంచంలో ఉండగా పొలానికి అడ్డుగట్టు వేశావా? అమ్మ కళ్లు మూసేదాకా ఆగలేకపోయావా?"

చినమామగారు కొట్టినట్టు వెనక్కి ఒక అడుగు వేశాడు. ఆనాడు ఇదే గట్టు దగ్గర నిలబడి, పార పట్టుకున్న అన్నను తను అడిగిన మాట అది. అక్షరం తేడా లేదు. అప్పుడు అన్న జవాబు చెప్పలేదు. ఇప్పుడు తన దగ్గరా జవాబు లేదు.

మామగారి కళ్ల నిండా నీళ్లు. గట్టు దాటి, ఎవరినీ చూడకుండా ఇంటి దారి పట్టాడు. కొడుకు వెంట నడిచాడు.

"ఎందుకయ్యా అలా చెప్పావు?" అంది అత్తగారు.

"ఇన్నేళ్లకు పలకరించాడు వదినా." చినమామగారు గట్టు మీద కూలబడ్డాడు. "వేసింది నువ్వేనని అన్నయ్యతో ఎలా చెప్పను?"

ఆమె కూడా కూర్చుంది. వాళ్లిద్దరి మధ్యా ఖాళీ డబ్బా ఉంది. ఆమే అంది.

"రేపు వచ్చేవాళ్లకు నిజమే చెప్పు. మతి తప్పి చేశాడని చెప్పు."

"నువ్వు కసి అన్నావు కదా."

"అన్నాను." ఆమె అరచేత్తో మొహం తుడుచుకుంది. "పగబట్టిన మనిషైనా, ఆయన ఇంకా ఆయనలాగే నా పక్కన ఉన్నట్టుండేది. అందుకే అన్నాను."

*

పొద్దున్నే గేటు చప్పుడైంది. చినమామగారు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. రాసిచ్చేవాళ్లు వచ్చేలోగా అన్న కొడుకును వెంట తీసుకెళ్దామని వచ్చాడు.

మామగారు వరండాలో కూర్చుని ఉన్నాడు. కోడలు టీ గ్లాసు అందించింది. అప్పటికే ఒకసారి తాగిన సంగతి ఆయనకు గుర్తు లేదు. రాత్రి అన్నం తిన్నదీ గుర్తు లేదు. నిద్ర లేవగానే "ఈ ఇల్లెవరిది?" అని అడిగాడు. ఆమె గ్లాసు ఇస్తూ మనసులో మొక్కుకుంది, నిన్న సాయంత్రం కూడా అలాగే పోయి ఉండాలని. ఆయన తమ్ముణ్ని చూసి, ఏరా వచ్చావా అంటే చాలునని.

ఇంట్లో అందరూ అదే అనుకుంటున్నట్టున్నారు. అత్తగారు గుమ్మంలో ఆగింది. కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు అలాగే ఉండిపోయాడు.

చినమామగారు మెట్టు దగ్గర నిలబడ్డాడు.

మామగారు గ్లాసు కింద పెట్టాడు. తమ్ముణ్ని పైనుంచి కింద దాకా చూశాడు. ఆ చూపులో మసక లేదు.

"గట్టు తీసేశావా?" అన్నాడు.